అయోనిజ కథలును అనాథ శిశువులును

ఒంటిమిట్ట కోదండరామస్వామి యాలయమున శ్రీరామనవమి యుత్సవములలో జరుగు కల్యాణము, రాష్ట్ర విభజనానంతరము 2015 నుండి ప్రభుత్వ లాంఛనములతో జరుగుచున్నది. కడప, కర్నూలు సీమల నుండియే గాక దూరప్రాంతముల నుండియు జనులు వేలకొలదిగా వచ్చి, వెన్నెలలో కూర్చుండి, కన్యాదాన ఘట్టమును కన్నులార చూచి పోవుదురు. ఆ సమయమున పురోహితులు ఉభయ వంశముల ప్రవరలను చదువుదురు. స్వర్ణరోముని మునిమనుమరాలు, హ్రస్వరోముని మనుమరాలు, జనకుని కుమార్తె యని సీతాదేవికి మూడు తరములు చెప్పుదురు. సీత జనకునికి పుట్టిన బిడ్డ కాదు. నాగటిచాలున దొరికిన బిడ్డ. ఈ సంగతి నెఱుగనివాడు ఆ జనసమూహమున నొక్కడును లేడు. ఎఱిగియు, దొరికిన పిల్లకు జనకుని వంశమును చెప్పుట యెట్లు చెల్లునని లేచి యడుగువాడును లేడు. దేవాలయమున ఇంత సహజముగ నొప్పుకొనుచున్న ధర్మమును మన గృహములలో మాత్రము ఒప్పుకొనలేకున్నాము. ఈ వ్యత్యాసమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుట యవసరమని తోచినది.

అద్భుత జననములను గూర్చిన వాదము మన విద్యావంతులలో చిరకాలముగ నున్నది. ఒక పక్షమువారు, కుంభమున ఋషియు, అగ్నిలో ద్రౌపదియు, నాగటిచాలున సీతయు పుట్టుట ప్రకృతివిరుద్ధము గావున ఈ కథలన్నియు పుక్కిటి పురాణములని త్రోసివేయుదురు. రెండవ పక్షమువారు, అవి నాటి శాస్త్రజ్ఞానమునకు నిదర్శనములని బుకాయింతురు. 2019 జనవరిలో జాలంధరున జరిగిన భారత విజ్ఞాన మహాసభలో మన తెలుగు విశ్వవిద్యాలయపు ఉపకులపతి యొకరు, కౌరవుల జన్మము గాజునాళికలలో పిండములను పెంచు విద్య కుదాహరణమని చెప్పి దేశమున నవ్వులపాలైరి. ఈ యిరుపక్షములవారును బిడ్డ ఎట్లు పుట్టెనను ప్రశ్నయొద్దనే నిలిచిపోయిరి. కథ చెప్పినవారు అక్కడ నిలువలేదు. పుట్టుకను రెండు మాటలలో ముగించి, ఆ బిడ్డను ఎవరెత్తుకొనిరి, ఎవరు పాలిచ్చిరి, ఎవరి యింట పెరిగెను అను విషయమునే విస్తరించి చెప్పిరి. వినువారు మాత్రము మొదటి రెండు మాటలనే పట్టుకొని పోరాడుచున్నారు.

కుమారస్వామి కథ తీసికొనుడు. శివతేజము రెల్లుదుబ్బులలో బడి శిశువైనదని చెప్పుట యెంత? ఆ శిశువును ఆరుగురు కృత్తికలు చన్నిచ్చి పెంచిరని చెప్పుట యెంత? స్వామికి కార్తికేయుడను పేరు పెంచిన తల్లులనుండియే వచ్చినది. కర్ణుని జన్మదాత సాక్షాత్తు సూర్యుడే. అయినను అతడు రాధేయుడనియే పిలువబడెను, తన జన్మరహస్యము తెలిసిన పిమ్మటను రాధ నెత్తిపొడువుగ మాటాడలేదు, ఆమెను విడువను లేదు. శకుంతల మేనక విడిచిపోయిన పసికందు. పక్షులు కాచిన యా బిడ్డను కణ్వుడు తెచ్చి పెంచెను. మహాభారత కథానుసారము ఆమె కుమారుడగు భరతుని పేరనే ఈ వంశమునకు భారతమను ప్రసిద్ధి కలిగినది. దేశమును భారతవర్షమని పిలుచుటకు కారణములుగ చెప్పబడు కథలలో నిదియు నొకటి. మనము నిత్యము జయధ్వానము చేయు పేరు వెనుక అడవిలో దొరికిన యొక యాడుబిడ్డ యున్నదను మాట మన జాతీయవాదులు ఎన్నడైన స్మరించినారా?

బౌద్ధులు మాయాదేవి కలలో శ్వేతగజము ప్రవేశించినదని చెప్పుదురు. అమరావతి స్తూపశిలలపై మన తెలుగునేల శిల్పులు ఆ స్వప్నమును చెక్కినారు. కాని మాయాదేవి ప్రసవించిన ఏడవ దినముననే మరణించినదనియు, ఆ శిశువును పినతల్లి మహాప్రజాపతి గౌతమి పెంచినదనియు వారి గ్రంథములే చెప్పుచున్నవి. ఆమెయే తరువాత భిక్షుణీసంఘమునకు ఆద్యురాలయ్యెను.

పశ్చిమదేశముల కథలును ఇట్టివే. సుమారు 4300 సంవత్సరముల క్రిందట మెసపొటేమియా నేలిన సార్గను చక్రవర్తిని తల్లి రెల్లుబుట్టలో నుంచి, కీలుపూసి, నదిలో విడువగా, నీరుతోడు అక్కియను వాడు ఎత్తి పెంచెనని ఇటుకల పలకలపై వ్రాసియున్నది. మోషేను ఐగుప్తు రాజపుత్రి నీటినుండి తీసెను. గ్రీకుల పెర్సియసు బంగారువానవలన కలిగినవాడట. వానిని పెంచినది ఒక చేపలు పట్టువాడు. 1909లో వియన్నా నగరమున ఆటో రాంక్ అను పండితుడు ఇట్టి కథలను, మన కర్ణుని కథతోసహా, ఒకచోట చేర్చి గ్రంథము వ్రాసెను. గొప్పవారికి పుట్టి, విడువబడి, సామాన్యులచేత పెంపబడి, తుదకు ప్రసిద్ధి కెక్కుట వీనియం దెల్ల సమానమని చూపెను. దానికి కారణము తండ్రికొడుకుల మనోవైరమని యాతని సిద్ధాంతము. అది యటుండనిండు. నీరుతోడువాడును, చేపలవాడును, సూతుని భార్యయు ఆ పండితుని దృష్టికి కథానాయకుని మోయు బండ్లవలెనే తోచినట్లున్నది.

క్రైస్తవుల గ్రంథమున మఱియొక విశేషము కలదు. మత్తయి సువార్త అబ్రాహాము మొదలుకొని దావీదు మీదుగ వంశవృక్షమును వరుసగ చదివి, యోసేపువద్ద ముగించును. వెంటనే యేసు యోసేపువలన పుట్టలేదనియు చెప్పును. అట్లయిన ఆ వంశవృక్ష మెందుకు? యోసేపు ఆ శిశువునకు పేరుపెట్టి తనవానిగ స్వీకరించెను. ఆ స్వీకారముచేతనే దావీదు వంశము సంక్రమించినది. ఒంటిమిట్టలో సీతకు జనకుని ప్రవర చదువుటకును దీనికిని భేద మేమున్నది? మహమ్మదీయులును మరియమ్మ కన్యగానే ఈసాను కన్నదని నమ్ముదురు. తల్లిదండ్రులు లేని ఆదామును సృజించిన దేవునికి ఇది దుష్కరము కాదని ఖురాను చెప్పును. ఆ మరియమ్మయే బాల్యమున జకరియ్యా సంరక్షణలో పెరిగినది. ఆ భారము ఎవరు వహింపవలెనని పెద్దలు చీట్లు వేసికొనిరట. ఇస్లాము పెంచినవాని పేరును కన్నవాని పేరునకు బదులుగ నుంచుటకు ఒప్పుకొనదు. కాని తండ్రి ముఖమెఱుగక, ఆరేండ్ల ప్రాయమున తల్లిని గోల్పోయి, తాతయొద్దను పెదతండ్రియొద్దను పెరిగినవాడే ఆ మతమునకు ప్రవక్త. అనాథను ఆదరించుటను వారు పరమపుణ్యముగ నెంచుట కిది యొక హేతువు కాకపోదు.

ఇక మన సీమకు వత్తము. అహోబిలమున నరసింహుడు గర్భవాసము లేక స్తంభమునుండి వెడలెను. ఉగ్రస్తంభమని చూపు కొండకొమ్మును చేరుటకు నేటికిని జనులు ప్రాణములకు తెగించి యెక్కుచున్నారు. ఆ స్వామి చెట్టపట్టిన చెంచులక్ష్మి లక్ష్మీ యంశముననే అడవిలో అవతరించి, చెంచుదొరకు బిడ్డయై పెరిగినదని చెప్పుదురు. చెంచులు స్వామిని తమ యల్లుడని చెప్పుకొందురు, ఆలయమువారు కాదనరు. ప్రతి సంవత్సరమును సంక్రాంతి మఱునాడు మొదలుకొని సుమారు నలువది దినములు, ముప్పదికి పైగా గ్రామములకు స్వామి పల్లకిలో పారువేటకు వెడలి, తన బ్రహ్మోత్సవములకు రమ్మని ప్రజలను పిలుచునని ప్రతీతి. దేవుడే అత్తవారి బంధువులను పిలువబోవుచుండగా, ఆ చెంచుల పిల్లవాడు మన వాకిట నిలుచున్న లోనికి రమ్మనువారెందఱు?

మహానందిలో మఱియొక కథ. శిలాదుడను ముని సంతానము లేక శివునిగూర్చి తపస్సు చేయగా, యజ్ఞభూమిని దున్నునప్పుడు బిడ్డ దొరికెను. ఆతడే నంది. రెండవ కుమారుడగు పర్వతుడే శ్రీశైలమైనాడని స్థలపురాణము. జనకుని నాగలికి సీత, శిలాదుని నాగలికి నంది. దున్నిన నేలలో గింజ మొలచుటయే సందేహమగు ఈ మెట్టసీమలో, దేవతలు నాగటిచాలున దొరకిరను కథ నిలుచుట వింతగాదు. తాళ్లపాక అన్నమాచార్యులు (1408–1503) స్వామివారి నందక ఖడ్గాంశమున జన్మించెనని ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో వ్రాసెను. అయితే అది తల్లిదండ్రులు మ్రొక్కి కనిన బిడ్డ కథ గావున ప్రస్తుతమునకు చేరదు.

అన్నిటికంటె మనకు సన్నిహితమైనది పోతులూరి వీరబ్రహ్మముగారి చరిత్ర. కన్న తల్లిదండ్రులు పరిపూర్ణాచార్యులు, ప్రకృతాంబ యని సంప్రదాయము చెప్పును. శిశువు పుట్టిన కొలదికాలమునకే వారు కథనుండి తొలగిపోవుదురు. పాపఘ్ని మఠమునకు చెందిన వీరభోజయాచార్యులు, వీరపాపమాంబ దంపతులు సంతానము లేనివారై యాత్ర సేయుచు, మునియాశ్రమమున ఆ బిడ్డను స్వీకరించి, తమవానిగ పెంచిరి. ఆయన యింటిపేరును, పీఠమును, విద్యయు పెంచినవారి వలననే వచ్చినవి. పెంపుడు తండ్రి గతించిన పిమ్మట, తల్లిని వీడుకొని దేశాటనమున బనగానపల్లెకు వచ్చి, గరిమిరెడ్డి అచ్చమ్మగారి యింట పసులకాపరిగ కుదిరిరి. అచ్చమ్మ భూవసతి గల యిల్లాలు. అర్ధరాత్రి అరుగుమీద పరుండిన అనామకుడగు బాలుని మఱునాడు పిలిచి పని యిచ్చినది. రవ్వలకొండ గుహలో నతడు తాళపత్రములపై కాలజ్ఞానము వ్రాయుటయు, గీచిన గిరి దాటక పసులు మేయుటయు కనిన పిదప, తన జీతగానికే శిష్యురాలైనది.

ఈ పత్రిక చదువు భూస్వాములు అచ్చమ్మగారిని గూర్చి యొకింత యాలోచింతురు గాక. బ్రహ్మముగారి మహిమలను కథలుకథలుగ చెప్పుకొను మనము, ఆ మహిమలకు తావిచ్చిన యింటిని మఱచుచున్నాము. పాపమాంబ ఎత్తుకొననిచో, అచ్చమ్మ కూడు పెట్టనిచో కాలజ్ఞానము వ్రాయు చేయి ఏ దారిప్రక్కన పడియుండెడిదో. తాను పెంపుడు బిడ్డ యైనందుననే గాబోలు, కందిమల్లాయపల్లెలో బ్రహ్మముగారు దూదేకుల సిద్దయ్యను పుత్రునివలె దగ్గరకు తీసిరి. గురువుగారి ముఖ్యశిష్యుడన్నచో నేటికిని ఆ సీమలో సిద్దయ్య పేరే ముందుగ వచ్చును.

దీనికి శాస్త్రము ఒప్పుకొనదని కొందఱనవచ్చును. శాస్త్రమునే చూతము. మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయమున పండ్రెండు విధములైన పుత్రులు చెప్పబడిరి. అందు అపవిద్ధుడనువాడు తల్లిదండ్రులు విడిచినందున ఒకడు తెచ్చి పెంచుకొన్నవాడు. ఇతనిని మనువు కడపట పడవేయలేదు. జ్ఞాతిత్వమును దాయభాగమును గల మొదటి ఆర్గురిలో, ఔరసునితోడి పంక్తిలో కూర్చుండబెట్టెను. తరువాతి నిబంధనకారులు కలియుగమున ఔరసుడు, దత్తుడు తప్ప తక్కినవారు వర్జ్యులనిరి. ఆంగ్ల న్యాయస్థానములు ఆ మాటనే స్థిరపఱచెను. ఫలితమేమి? దత్తత కన్నతండ్రి యిచ్చుట వలననే చెల్లును. ఇచ్చువాడు లేనందున అనాథ దత్తతకు తగడు! ఆడుబిడ్డకు పిండాధికారము లేదు గనుక ఆమెయు తగదు! అనగా సీతను జనకుడు కర్నూలు జిల్లా కోర్టులో దత్తపుత్రిక యని చెప్పినచో, స్త్రీ యనియు, తెచ్చి యిచ్చినవారు లేరనియు ఆ వ్యాజ్యము కొట్టివేయబడి యుండెడిది.

ఈ యన్యాయము స్వరాజ్యమున తొలగెను. 1956 నాటి హిందూ దత్తత చట్టము కుమార్తెను దత్తు చేసికొనుటకు వీలు కలిగించెను. 1962లో జరిగిన సవరణము విడువబడిన శిశువులను, తల్లిదండ్రు లెవరో తెలియని శిశువులను న్యాయస్థానపు టనుమతితో దత్తు ఇచ్చుటకు దారి తీసెను. మతభేదము లేక యెవ్వరైనను బాలన్యాయ చట్టముక్రింద దత్తత చేసికొనవచ్చునని సర్వోన్నత న్యాయస్థానము 2014లో తీర్పు చెప్పెను. మనువు ఇచ్చి, నిబంధనకారులు తీసిన చోటును శాసనసభ మరల నిచ్చినది. ధర్మము చెడిపోవుచున్నదని వగచువారు ఈ క్రమమును ఒకసారి పరికింపవలెను.

మన రైతులు మాత్రము శాస్త్రమునకై ఎన్నడును కాచుకొని యుండలేదు. రెడ్లలోను కమ్మలలోను ఇల్లటమను ఆచారము కలదు. మగసంతు లేని యింట అల్లుని తెచ్చుకొని, కొడుకుతో సమానముగ ఆస్తి నిచ్చుట కర్నూలు, బళ్లారి, కడప సీమలలో తరతరములుగ నున్నది. ఏ స్మృతియు దీనిని చెప్పలేదు. అయినను మదరాసు హైకోర్టు ఆచారమని మన్నించినది. అరక దున్నుటకు మనిషి కావలసి వచ్చినప్పుడు మన పెద్దలకు రక్తసంబంధము అడ్డు రాలేదన్నమాట. పరాయి యింట పుట్టి పెరిగిన పాతికేండ్లవాడు కొడుకగునెడల, ఊయలలో పండుకొన్న పసికందు ఎందుకు కాకూడదు?

ఈ ప్రశ్నకు మన సీమ యొకపరి ఘోరమైన మూల్యము చెల్లించినది. ధాత, ఈశ్వర సంవత్సరముల కఱవు (1876–78) కర్నూలు జిల్లాను ఎంతగ ఊడ్చినదన, 1871 నాటికంటె 1881 జనాభాలెక్కలో సుమారు నాలుగవవంతు జనము తగ్గిరి. దిక్కులేని పిల్లలు దారుల వెంట పడిరి. క్రైస్తవ సంఘములు అనాథశాలలు తెఱచి వారిని చేరదీసెను. తరువాత మన పత్రికలును సభలును మతము మార్చిరని ఏండ్లతరబడి యాక్రోశించెను. ఆ యాక్రోశమున నిజము లేకపోలేదు. కాని ఆ పిల్లవాడు బాట ప్రక్కన ఏడ్చుచున్న దినమున మన మఠముల వంటశాలలలో వాని యాకులో ఏమి వడ్డించితిమో, వానిని ఏ గోత్రమున చేర్చుకొన సిద్ధపడితిమో ముందుగ చెప్పి, పిదప నాక్రోశించుట న్యాయము.

నేటి స్థితి యేమి? కఱవున బిడ్డలను విడుచు దినములు పోయినవి గాని, విడువబడు బిడ్డలు లేకపోలేదు. ఆసుపత్రి మెట్లపైనను, ఆలయ మండపములలోను, ముండ్లపొదలలోను నేటికిని పసికందులు దొరకుచునే యున్నారు. అందు ఆడుబిడ్డలే హెచ్చు. మఱియొకవైపున బిడ్డలు లేని దంపతులు. లోకమున ప్రతి ఆర్గురిలో నొకరికి జీవితమున నొకప్పుడైనను సంతానలోపము కలుగుచున్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2023లో ప్రకటించెను. లోపము పురుషునిదియు గావచ్చునని వైద్యులు ఎంత చెప్పినను, గొడ్రాలను మాట స్త్రీకే అంటుచున్నది. శ్రీమంతమున ఆమెను వెనుకకు నిలువుమందురు. తడిబట్టలతో ప్రదక్షిణములు చేయునది ఆమె, పరీక్షల సూదులు పొడిపించుకొనునది ఆమె, తుదకు సవతిని తెచ్చుట కొప్పుకొనుమని పీడింపబడునదియు ఆమెయే. దశరథుని యింట పుత్రకామేష్టి చేసినవాడు దశరథుడు. కౌసల్యను గొడ్రాలని యెవ్వరనిరి?

ఇట్టి దంపతులలో దత్తతకు ముందు వచ్చువారును పెక్కుమంది మొదట అడుగు ప్రశ్న, ఏ కులపు బిడ్డ యని. రెండవది, రంగేమి యని. దొరికిన బిడ్డకు కులమెట్లు చెప్పగలరు? ప్రభుత్వము పదేండ్లలోపు తల్లిదండ్రులను గోల్పోయి సంస్థలలో పెరుగు అనాథలను వెనుకబడిన తరగతుల పట్టికలో ‘ఏ’ వర్గమున చేర్చినది. అది వారి చదువు కొఱకు చేసిన మేలు. మనము దానిని సయితము మఱియొక కులముగ లెక్కించు సమర్థులము. ఈ కులజిజ్ఞాస మూలముననే చట్టబద్ధమైన మార్గమును విడిచి, మధ్యవర్తులకు లక్షలు పోసి, మన కులపు బిడ్డయే యను వారి నోటిమాటను నమ్మి శిశువులను కొనువారు బయలుదేరినారు. శిశువిక్రయము నేరము, కొన్నవారును శిక్షార్హులే. ఆ బిడ్డ ఎవరి యొడినుండి దొంగిలింపబడినదో కొన్నవారికి తెలియదు. బిడ్డను దైవము వాకిట నుంచెనని సంతోషింపవలసినవారు పోలీసుల రాకకు వెఱచుచు బ్రతుకుచున్నారు.

చట్టము మార్గము కఠినమైనది కాదు, ఆలస్యమైనది మాత్రము. బిడ్డను పెంచలేని తల్లి, ముండ్లపొదను వెదకనక్కఱలేదు. శిశుసంక్షేమ సమితికి అప్పగింపవచ్చును. మనసు మార్చుకొనుటకు ఆమెకు రెండు నెలల గడువు కలదు. విడువబడిన శిశువు కంటబడినవారు 1098 సంఖ్యకు తెలిపిన చాలును. దత్తత కోరువారు కేంద్ర దత్తత సంస్థయొద్ద పేరు వ్రాయించుకొనవలెను. తుది యుత్తరువు నిచ్చు నధికారము 2021 నాటి సవరణముచేత న్యాయస్థానమునుండి జిల్లా మేజిస్ట్రేటునకు వచ్చినది. ఈ నాలుగు సంగతులు గ్రామమున నెందఱికి తెలియును? పత్రికలు ముహూర్తములను ప్రకటించినంత శ్రద్ధతో వీనిని ప్రకటింపవు. ఈ దోషమున మాకును భాగము కలదు.

కావున మన దేవాలయముల ధర్మకర్తలకు ఒక మనవి. అహోబిలము, మహానంది, ఒంటిమిట్ట, బ్రహ్మముగారి మఠము – ఈ నాలుగుచోట్లను కొలువైయున్నది దొరికిన బిడ్డలో, వారిని పెంచినవారో, వారితో వియ్యమందినవారో. ప్రతి క్షేత్రమునను జిల్లా శిశుసంక్షేమ శాఖవారి యనుమతితో, వారి యజమాయిషీ క్రింద ఒక ఊయల నుంచవచ్చును. సంతానము కొఱకు మ్రొక్కుకొనవచ్చు దంపతులకు దత్తత విధానమును తెలుగున అచ్చొత్తించి, ప్రసాదముతో పాటు చేతికీయవచ్చును. పెంచిన బిడ్డకు అన్నప్రాశనము, అక్షరాభ్యాసము, వివాహము జరుపునప్పుడు పెంచినవారి గోత్రమునే చెప్పవలెనని తమ యర్చకులకు స్పష్టముగ ఆదేశింపవచ్చును. ఇందుకై నిధులు పెద్దగ నక్కఱలేదు. సంవత్సరాది యుత్సవముల ఏర్పాట్లకై ధర్మకర్తల సంఘములు ఎట్లును సమావేశమగును. ఆ కార్యక్రమ పట్టికలో దీని నొక యంశముగ చేర్చిన చాలును.